గర్భసంచి జారింది, మూత్రమూ పడిపోతోంది: ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు నుంచి కోలుకునేదాకా ఏం చేయాలి

దగ్గినా తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా మూత్రం పడిపోతోంది. కింద ఏదో గడ్డలాగా తగులుతోంది, సాయంత్రమయ్యేసరికి నడుము లాగేస్తోంది. ఈ రెండు బాధలూ కలిసి ఉన్న ఆడవాళ్లు తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పల్లెల నుంచి గైనిక్ ఓపీకి వస్తూనే ఉంటారు. చాలామంది ఏళ్ల తరబడి పాతచీర ముక్కలు మడిచి పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుని, ఇంక చాతగాక వస్తారు. కూర్చోగానే అడిగే మాట ఒకటే: "గర్భసంచి తీసేస్తే అంతా పోతుందంట కదమ్మా?"

ఓపీలో నర్సుగా ఆ ప్రశ్న నేను రోజూ వింటాను. అంతా పోదు. గర్భసంచి జారడం ఒక సమస్య, మూత్రం పడటం ఇంకో సమస్య. ఒకదానికి చేసిన ఆపరేషన్ రెండోదాన్ని దానంతటదే బాగుచేయదు. ఒక్కోసారి అంతకుముందు లేని మూత్రం కారడం ఆపరేషన్ అయ్యాక మొదలవుతుంది కూడా. అలా జరిగిన ఆమె ఎంత కుంగిపోతుందో చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను. అది ముందే పసిగట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ పరీక్ష జరిగాకే సంతకం పెట్టండి. మీకు కాకుండా మీ అమ్మకో అత్తకో ఈ ఇబ్బంది ఉంటే, పక్కన కూర్చుని ఇది చదివి వినిపించండి.

ముందుగా, మూత్రం ఎప్పుడు పడుతోందో మూడు రోజులు రాసిపెట్టండి

డాక్టరు దగ్గరికి పోయేముందు ఇంట్లోనే చేయగలిగిన పని ఇది. ఒక కాగితం తీసుకుని ఎన్నిసార్లు ఒంటికి పోయారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎప్పుడు పడింది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఎన్ని గ్లాసుల నీళ్లు, ఎన్ని కాఫీలు తాగారు అన్నది రాయండి. రాయడం రాకపోతే మనవరాలితో రాయించండి.

దగ్గినప్పుడు, నవ్వినప్పుడు, గడ్డిమోపు ఎత్తినప్పుడు ఒక్కసారిగా కాస్త పడుతుంటే అది ఒత్తిడికి పడే రకం. మూత్రసంచి కింద, మూత్రనాళానికి ఆనుకుని ఉండాల్సిన కండరాలు, కండరబంధాలు సడలిపోవడం వల్ల వస్తుంది. కాన్పులు, వయసు, విడవని దగ్గు, ఏళ్ల తరబడి బరువులు మోయడం దీనికి కారణాలు. ఇది ఆపరేషన్‌కు లొంగే రకం.

ఉన్నట్టుండి తన్నుకొచ్చి, బాత్రూం తలుపు దగ్గరికి చేరేలోపే పడిపోతుంటే అది వేరు. మూత్రసంచి తనంతట తాను బిగుసుకోవడం వల్ల వస్తుంది. దీనికి మందులు, అలవాట్ల మార్పు పనిచేస్తాయి. ఒత్తిడి రకానికి చేసే ఆపరేషన్ దీనికి చేస్తే ఫలితం ఉండకపోగా ఇబ్బంది పెరగొచ్చు. రెండు రకాలూ కలిసి ఉన్నవాళ్లూ చాలామంది ఉంటారు. వాళ్లు తమను ఎక్కువ బాధపెట్టేది ఏదో తేల్చి చెప్పాలి.

పగలూ రాత్రీ తేడా లేకుండా, దగ్గకపోయినా తన్నుకురాకపోయినా చుక్కచుక్కగా కారుతూనే ఉంటే ఆలస్యం చేయకండి. మూత్రసంచి నిండి పొంగిపోతూ ఉండొచ్చు, లేదా పాత కాన్పు వల్లో పాత ఆపరేషన్ వల్లో మూత్రసంచికీ యోనికీ మధ్య రంధ్రం పడి ఉండొచ్చు. వాటి దారి పూర్తిగా వేరు.

ఆ కాగితం మీద ఇంకో రెండు సంగతులు తప్పకుండా రాయండి. మూత్రం పోవాలంటే ఆ గడ్డను వేలితో లోపలికి తోసుకోవాల్సి వస్తోందా? ఒకప్పుడు దగ్గితే మూత్రం పడేది, గడ్డ బాగా కిందికి దిగాక అది ఆగిపోయిందా? రెండో దానికి అవును అని రాసేవాళ్లు చాలామంది సంతోషంగా చెప్తారు, "అదంతటదే తగ్గిపోయింది" అని. తగ్గలేదు, దాక్కుంది. ఎందుకో పరీక్ష దగ్గర చెప్తాను.

ఎక్కడికి పోవాలి, ఏమని చెప్పాలి

తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా రుయా ఆసుపత్రి, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. ప్రసూతి ఆసుపత్రి అంటే కాన్పులకే అనుకుని వెనక్కి పోకండి, గైనిక్ సమస్యలూ అక్కడే చూస్తారు. టీటీడీ నెలకొల్పిన స్విమ్స్ ఆసుపత్రిలో గైనిక్‌తో పాటు యూరాలజీ విభాగం కూడా ఉంది. మూత్రం సంగతి చిక్కుగా ఉన్నవాళ్లకు, ఇదివరకే ఒక ఆపరేషన్ అయి మళ్లీ కారుతున్నవాళ్లకు ఆ రెండు విభాగాలూ ఒకేచోట ఉండటం మంచిది. చిత్తూరు వైపు వాళ్లకు జిల్లా ఆసుపత్రి ఉంది, కుప్పం వాళ్లకు పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి పోయేవాళ్లు కూడా ఎక్కువే, దూరం సుమారు 35 కిలోమీటర్లు. రాష్ట్రం దాటుతున్నారు కాబట్టి మీ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి.

ఓపీలో జనం ఎక్కువ, మీకు దొరికేది కొద్ది నిమిషాలే. "నడుము నొప్పి" అని మొదలుపెట్టకండి. సిగ్గు కొద్దీ అట్లా మొదలుపెట్టి, నడుము నొప్పికి మాత్రలు రాయించుకుని ఇంటికి పోయినవాళ్లు ఎందరో. సూటిగా చెప్పండి: "కింద గడ్డ బయటికొస్తోంది, మూత్రం పడిపోతోంది. రెండూ ఉన్నాయి." ఎంతమంది పిల్లలు, ఎలాంటి కాన్పులు, ముట్లు ఆగి ఎన్నాళ్లయింది, బీపీ, షుగర్, వాడుతున్న మందులు అన్నీ ఒక చీటీలో ఉంటే ఆ కొద్ది నిమిషాలూ మీకే మిగుల్తాయి. మగ డాక్టరు ఉంటే ఇబ్బంది అనిపిస్తే ఆడ డాక్టరును అడగడం, లోపల పరీక్ష చేసేటప్పుడు పక్కన ఆడమనిషి ఉండాలని అడగడం మీ హక్కు.

మూత్రసంచి నిండుగా ఉన్నప్పుడు దగ్గించి చూడమని అడగండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే పెట్టుకోండి.

పెరట్లో చెట్లకు నీళ్లు పట్టే పైపు మధ్యలో మడతపడితే, కొళాయి ఎంత తిప్పినా చివర చుక్క రాదు. మడత సరిచేయగానే నీళ్లు చిమ్ముతాయి. మూత్రసంచి, గర్భసంచి బాగా కిందికి జారినప్పుడు మూత్రనాళం కూడా అలాగే ఒంగి మడతపడుతుంది. దాన్ని పట్టి ఉంచాల్సిన బలం పోయినా, ఆ మడత వల్ల దగ్గినప్పుడు మూత్రం పడదు. పైగా మూత్రం సరిగా పోదు, పోయినా ఇంకా మిగిలినట్టు ఉంటుంది. జారినదాన్ని ఆపరేషన్‌తో పైకి పెట్టగానే మడత పోతుంది. అప్పుడు అసలు బలహీనత బయటపడి మూత్రం కారడం మొదలవుతుంది. "బాగున్నదాన్ని ఆపరేషన్ చేసి చెడగొట్టారు" అని ఇంట్లోవాళ్లు అనుకునేది ఈ సందర్భంలోనే. చాలాసార్లు డాక్టరు చెడగొట్టిందేమీ ఉండదు. ముందే వెతికి చూడలేదు, మీకు ముందే చెప్పలేదు, అంతే. కానీ ఆ "అంతే" మీ బతుకులో చిన్నది కాదు.

పరీక్ష ఇలా జరుగుతుంది. మూత్రసంచి నిండుగా ఉండాలి. అందుకని మీరు పరీక్షకు ముందు ఒంటికి పోకుండా ఉండాలి, లేదంటే సన్నని గొట్టంతో సుమారు 300 మిల్లీలీటర్ల సెలైన్ నింపుతారు. ముందు జారింది జారినట్టే ఉంచి దగ్గమంటారు. తర్వాత జారినదాన్ని స్పెక్యులం అనే పరీక్ష పరికరంతోనో, దూదిచుట్టతోనో, రింగుతోనో మూత్రనాళం నొక్కుకోకుండా పైకి ఎత్తి పట్టుకుని మళ్లీ గట్టిగా దగ్గమంటారు. పడుకున్నప్పుడు మూత్రం రాకపోతే నిలబెట్టి చూస్తారు. అప్పుడు మూత్రం చిమ్మితే దాక్కున్న సమస్య ఉన్నట్టు. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల పని. మనవాళ్లు చేసే పొరపాటు ఏంటంటే, పరీక్షకు పిలవగానే శుభ్రంగా ఉండాలని బాత్రూంకు పోయివస్తారు. ఖాళీ సంచితో దగ్గితే ఏమీ తెలియదు. కాబట్టి లోపలికి పోయేముందే నర్సును అడగండి: "మూత్రం ఆపుకునే రావాలా?" డాక్టరు దగ్గర ఇలా అడగండి: "గర్భసంచిని పైకి పెట్టి దగ్గించి చూశారా అమ్మా? మూత్రం పడిందా?"

దీంతో పాటు మూత్ర పరీక్ష, కల్చర్ చేయిస్తారు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా తన్నుకొస్తుంది కాబట్టి ముందు అది తగ్గించాలి. స్కానింగ్‌లో మీరు ఒంటికి పోయివచ్చాక లోపల ఎంత మిగిలిందో కూడా కొలవమని అడగండి. చాలా మిగులుతుంటే డాక్టరు ఆలోచించే తీరే మారుతుంది. యూరోడైనమిక్స్ అని ఇంకో పరీక్ష ఉంది, మూత్రసంచి నిండేటప్పుడూ ఖాళీ అయ్యేటప్పుడూ లోపలి ఒత్తిడిని కొలుస్తారు. అందరికీ అక్కర్లేదు. రెండు రకాలూ కలిసి ఉన్నవాళ్లకు, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకు, ఒకసారి ఆపరేషన్ ఫెయిలైనవాళ్లకు పనికొస్తుంది.

కోతకు ముందు ప్రయత్నించాల్సినవి

జారడం తక్కువగా ఉంటే కీగెల్ వ్యాయామం చేయండి. మూత్రాన్ని, గాలిని ఆపుకునేటప్పుడు బిగుసుకునే కండరాలను లోపలికి పైకి లాగి కొన్ని సెకన్లు పట్టి వదలడమే. ఒక్కోసారికి 8, రోజుకు మూడు సార్లు, కనీసం 3 నెలలు. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. ఎవరైనా ఒకసారి సరిచూసి చెప్తే మంచిది, ఎందుకంటే చాలామంది పైకి లాగడానికి బదులు కిందికి ముక్కుతారు. పూర్తిగా బయటికొచ్చేసిన గర్భసంచిని వ్యాయామం లోపలికి పంపలేదు. అయినా ఆపరేషన్ తర్వాత కూడా ఈ అలవాటు పనికొస్తుంది.

జారినది కిందికి దిగకుండా యోనిలో సిలికాన్ రింగు పెట్టుకోవడం ఇంకో దారి. ఆపరేషన్ వద్దనుకునేవాళ్లకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు, ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకు, ఇంట్లో పెళ్లి పెట్టుకుని కొన్నాళ్లు ఆగాల్సినవాళ్లకు ఇది ఎంతో మేలు. దానికి క్రమంగా చూపించుకుంటూ ఉండాలి, పెట్టి మర్చిపోకూడదు. రింగు పెట్టిన కొద్దిరోజుల్లో దగ్గితే మూత్రం పడటం మొదలైతే బాధపడకండి, పైన చెప్పిన పరీక్ష ఇంట్లోనే జరిగినట్టు. డాక్టరుకు చెప్పండి.

దగ్గు, మలబద్ధకం, ఎక్కువ బరువు ఈ మూడూ తగ్గకుండా ఏ ఆపరేషన్ చేసినా కుట్ల మీద రోజూ ఒత్తిడి పడుతూనే ఉంటుంది. పొయ్యి పొగ వల్ల దగ్గు విడవనివాళ్లు ముందు దానికి మందు తీసుకోండి.

జారినదానికి ఏం చేయాలో విడిగా అడగండి

మనవైపు ఎక్కువగా చేసేది యోని ద్వారానే గర్భసంచి తీసేసి, ముందూ వెనకా సడలిన గోడలను కుట్టి బిగించడం. ముట్లు ఆగినవాళ్లకు, గర్భసంచి బాగా బయటికొచ్చినవాళ్లకు ఇది చాలాకాలంగా ఉన్న మంచి పద్ధతే. కానీ జారిన ప్రతి గర్భసంచీ తీసేయాల్సిందే అని లేదు. దాన్ని ఉంచి, లోపలి గట్టి కండరబంధానికి కుట్టి పైకి కట్టే పద్ధతులు ఉన్నాయి. బొంబాయికి చెందిన డాక్టర్ శిరోద్కర్ పేరు మీద ఉన్న పద్ధతి అలాంటిదే, వయసులో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. బాగా పెద్దవయసు వచ్చి, ఒంట్లో ఓపిక లేక, భార్యాభర్తల కలయిక ఇక అవసరం లేదనుకునేవాళ్లకు యోనిని లోపల చాలావరకు మూసేసే చిన్న ఆపరేషన్ కూడా ఉంది. అది చేశాక వెనక్కి తీసుకోలేరు కాబట్టి భర్తతో కూడా మాట్లాడే ఒప్పుకోవాలి.

గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందువరసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. మన ఊళ్లలో తెల్లబట్టకు, నడుము నొప్పికి, చిన్న గడ్డకు కూడా "తీసేయిద్దాం" అనేస్తారు. అందుకే ఒక ప్రశ్న తప్పకుండా వేయండి: "తీయకపోతే ఏమవుతుంది?" మంచి డాక్టరు ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోరు. తీసేస్తామంటే, తీశాక మిగిలే యోని పైభాగం మళ్లీ జారకుండా దేనికి కడతారో కూడా అడగండి. ఆ కట్టు వేయకుండా వదిలేస్తే కొన్నేళ్లకు అదే కిందికి దిగే ప్రమాదం ఉంది.

మూత్రం పడటానికి వేరే ఆపరేషన్: ఇప్పుడే చేయించాలా, తర్వాతా?

ఒత్తిడికి పడే మూత్రానికి ఇప్పుడు ఎక్కువగా చేసేది స్లింగ్. మూత్రనాళం మధ్యభాగం కింద సుమారు ఒక సెంటీమీటరు వెడల్పున్న జాలీ పట్టీని వదులుగా పెడతారు. దగ్గినప్పుడు నాళం ఆ పట్టీ మీద ఆనుకుని మూసుకుంటుంది. స్వీడన్‌కు చెందిన డాక్టర్ ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ 1990లలో దీన్ని తెచ్చాడు, దాని పేరు టీవీటీ. ఆ పట్టీ పొత్తికడుపు కింది ఎముక వెనకగా పోతుంది, కాబట్టి మూత్రసంచికి గుచ్చుకుందేమో అని అక్కడికక్కడే కెమెరా పెట్టి చూడాలి. 2001లో వచ్చిన టీఓటీలో పట్టీ తొడమూలం వైపు పోతుంది. అందులో మూత్రసంచికి దెబ్బ తగలడం తక్కువ, గజ్జల్లో నొప్పి ఎక్కువ.

పరాయి పట్టీ వద్దనుకునేవాళ్లకు పొత్తికడుపు గోడలోని మీ సొంత పొరనే పట్టీగా కోసి పెట్టే పద్ధతి ఉంది. బాగా పనిచేస్తుంది, కాకపోతే కోత పెద్దది, తర్వాత కొన్నాళ్లు మూత్రం పోయడం కష్టం కావడం ఎక్కువ. ఎలాగూ పొట్ట కోసో లాప్రోస్కోపీతోనో పైకి కడుతుంటే, అదే దారిన మూత్రసంచి మెడ పక్క కణజాలాన్ని ఎముక వైపు కుట్టి లేపే బర్చ్ పద్ధతి చేయొచ్చు. మూత్రసంచి కింద రెండు కుట్లు వేసే పాత కెల్లీ పద్ధతి ఇంకా కొన్నిచోట్ల చేస్తారు. గర్భసంచి ఆపరేషన్‌లోనే "మూత్రానికి కూడా కుట్టు వేశాం" అంటే చాలావరకు ఇదే. మూత్రం పడటానికి ఈ కుట్టు ఎక్కువకాలం నిలవదు, దాన్ని స్లింగ్‌తో సమానం అనుకోవద్దు.

ఇక అసలు ప్రశ్న. జారినదానికి ఆపరేషన్ చేసేటప్పుడే స్లింగ్ కూడా పెట్టించుకోవాలా?

దగ్గితే ఇప్పటికే మూత్రం పడుతున్నవాళ్లకు, పరీక్షలో పడినట్టు తేలినవాళ్లకు రెండూ ఒకేసారి చేయించుకోవడంలో లాభం ఎక్కువ. ఒకే మత్తు, ఒకే విశ్రాంతి, మళ్లీ ఆసుపత్రి ముఖం చూడాల్సిన అవకాశం తక్కువ. దగ్గితే పడే బాధే లేనివాళ్ల విషయంలో 2012లో అమెరికా డాక్టర్లు అచ్చువేసిన ఒక పెద్ద పరిశీలన ఉంది. యోని ద్వారా జారినదానికి ఆపరేషన్ చేయించుకున్న 337 మందిలో సగంమందికి స్లింగ్ పెట్టారు, సగంమందికి పెట్టలేదు. మూడు నెలలకు మూత్రం పడుతున్నవాళ్లు, దానికి చికిత్స అవసరమైనవాళ్లు కలిపి స్లింగ్ పెట్టినవాళ్లలో వందకు 24 మంది, పెట్టనివాళ్లలో వందకు 49 మంది. ఏడాదికి అది 27, 43 అయింది. పరీక్షలో మూత్రం పడినవాళ్లకు లాభం ఇంకా ఎక్కువ కనిపించింది. మరి నష్టం? స్లింగ్ పెట్టినవాళ్లలో వందకు దాదాపు ఏడుగురికి మూత్రసంచికి గుచ్చుకుంది, మూత్రం ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ వచ్చాయి, ఆరువారాలకు కూడా మూత్రం పూర్తిగా పోనివాళ్లు వందకు నలుగురు దాకా ఉన్నారు. పెట్టనివాళ్లలో మూత్రసంచికి గుచ్చుకోవడం, ఆరువారాలకు కూడా మూత్రం పూర్తిగా పోకపోవడం అనేవి లేవు.

ఈ లెక్కలు పెట్టుకుని నా అభిప్రాయం చెప్తాను, నిర్ణయం మీదీ మీ డాక్టరుదీ. దగ్గుపరీక్షలో చిమ్మితే ఒకేసారి చేయించుకోండి, మళ్లీ మళ్లీ రాలేని పల్లె ఆడమనిషికి అదే మేలు. పరీక్షలో ఒక్క చుక్క కూడా పడకపోతే, మీ ఇల్లు ఆసుపత్రికి దగ్గరే అయితే, జారినదానికి మాత్రమే చేయించుకుని మూడు నెలలు చూడటంలో తప్పులేదు. పడితే అప్పుడు స్లింగ్ చిన్న ఆపరేషన్‌గా పెట్టించుకోవచ్చు, పడకపోతే అనవసరమైన పట్టీ ఒంట్లో లేనట్టే. తన్నుకొచ్చి పడే రకమే మీకు ప్రధానమైతే మాత్రం స్లింగ్‌కు తొందరపడకండి. జారినదాన్ని పైకి పెట్టాక ఆ బాధ కొంతమందికి తగ్గుతుంది, తగ్గనివాళ్లకు మందులు ఉన్నాయి.

జాలీ గురించి ఫోన్‌లో భయపెట్టే వీడియోలు చూసి వచ్చేవాళ్లు ఉన్నారు. అక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. జారినదాన్ని పట్టి ఉంచడానికి యోని గుండా పెట్టే పెద్ద జాలీ వేరు. అది కోసుకుని బయటికి రావడం, నొప్పి, కలయికలో బాధ వంటి ఫిర్యాదులు ఎక్కువ కావడంతో అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ 2019 ఏప్రిల్‌లో దాని అమ్మకం ఆపమంది. మూత్రనాళం కింద పెట్టే సన్నని పట్టీ ఆ ఉత్తర్వులో లేదు. పట్టీ బయటికి రావడం, నొప్పి దీంతో కూడా కొద్దిమందికి వస్తాయి, కాబట్టి ఏమీ కాదని ఎవరైనా అంటే నమ్మకండి. సంతకానికి ముందు "నాకు జాలీ పెడుతున్నారా? ఎక్కడ, దేనికి?" అని అడిగి, పెట్టిన పట్టీ పేరు డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి.

డబ్బు, కార్డు

బియ్యం కార్డు ఉన్నవాళ్లు చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద మీకు చెప్పిన ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో వస్తుందా, స్లింగ్ పట్టీ ఖర్చు అందులోనే ఉందా, బయట కొనాలా అన్నది విడివిడిగా అడగండి. జారినదానికి వర్తించి పట్టీకి వర్తించకపోతే ఆ సంగతి ఆపరేషన్ రోజు ఉదయం తెలియకూడదు. ఆధార్, కార్డు, పాత రిపోర్టులు ఒకే కవర్‌లో పెట్టుకోండి.

ఆపరేషన్‌కు ముందు వారాల్లో

రక్తం తక్కువగా ఉంటే ముందు అది పెంచుతారు. షుగర్ అదుపులోకి రాకుండా కుట్లు త్వరగా మానవు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. గర్భసంచి చాలాకాలం బయటే ఉండి చీరకు రాసుకుని పుండు పడినవాళ్లు ఉంటారు. ఆ పుండు మానేదాకా ఆపరేషన్ చేయరు. మందులో తడిపిన గుడ్డతో దాన్ని లోపలికి పెట్టి ప్యాకింగ్ చేస్తారు, ముట్లు ఆగినవాళ్లకు ఈస్ట్రోజన్ క్రీమ్ రాస్తారు. ఆ రోజులు వృథా అనుకుని విసుక్కోకండి. పుండు మానకపోయినా, రక్తం పోతున్నా ముక్క తీసి పరీక్షకు పంపుతారు, గర్భసంచి ముఖద్వారం పాప్ పరీక్ష కూడా చేయిస్తారు. గర్భసంచి తీసే ముందు క్యాన్సర్ లేదని చూసుకోవడం తప్పనిసరి.

తోడుగా వచ్చేవాళ్లను ముందే నిర్ణయించండి. ఆసుపత్రిలో నాలుగు రోజులు, ఇంటికొచ్చాక ఆరువారాలు పాలు పిండటం, నీళ్లు మోయడం, పిల్లల్ని ఎత్తుకోవడం ఎవరు చూస్తారు? ఇంట్లో మగవాళ్లతో ఈ మాట ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి. తర్వాత అడిగితే మొహమాటం, చివరికి మీరే లేస్తారు. చెనిక్కాయలు పీకే రోజుల్లో, మామిడి కోతల్లో తేదీ పెట్టుకోకండి.

ఆసుపత్రిలో

చాలామందికి వెన్నులో సూది వేసి నడుము కింది భాగానికే మత్తు ఇస్తారు. లేచేసరికి మూత్రానికి గొట్టం, యోనిలో గుడ్డచుట్ట ఉంటాయి. చుట్టను మరుసటి రోజు తీస్తారు. గొట్టం తీశాక మీరు సొంతంగా మూత్రం పోసి, లోపల ఎంత మిగిలిందో కొలిచాకే ఇంటికి పంపాలి. స్లింగ్ పెట్టినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మొదటిసారి రాకపోతే భయపడకండి. గొట్టం ఇంకో వారం ఉంచి మళ్లీ చూస్తారు. అప్పటికీ రాకపోతే పట్టీ బిగుతుగా ఉందేమో అని చూసి తొలివారాల్లోనే వదులు చేయొచ్చు, ఆలస్యమైతే అది కష్టమవుతుంది. కాబట్టి "మెల్లగా అదే సర్దుకుంటుంది" అనుకుని ఇంట్లో కూర్చోకండి. మూత్రం సన్నగా, ముక్కితే గానీ రాకుండా ఉంటే డాక్టరుకు చెప్పి చూపించుకోండి.

ఇంటికి పోయే రోజు పలమనేరు, కుప్పం దాకా ప్రయాణం ఉన్నవాళ్లు దారిలో ఒకటి రెండు చోట్ల ఆగి కాస్త నడవండి. కాళ్లు వేలాడేసి గంటల తరబడి కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఇంట్లో ఆరువారాలు

బిందె ఎత్తకూడదు. బియ్యం మూట జరపకూడదు. మనవణ్ణి ఎత్తుకోకూడదు, మంచం మీద కూర్చుని ఒళ్లోకి తీసుకోవచ్చు. నేలమీద గొంతుక్కూర్చుని అంట్లు తోమడం, ఊడ్వడం వద్దు. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ దాని మీద పెట్టుకోండి, తక్కువ ధరకే దొరుకుతుంది. భార్యాభర్తల కలయిక ఆరువారాల పరీక్ష అయ్యేదాకా వద్దు, ఈ సంగతి భర్తకు కూడా డాక్టరు చేతే చెప్పించండి. కానీ పూర్తిగా పడుకునే ఉండకండి, రోజూ ఇంట్లో మెల్లగా నడవాలి.

మలబద్ధకాన్ని దగ్గరికి రానీయకండి. ముక్కితే కుట్లు వదులవుతాయి. రాగిసంగటి, ఆకుకూర, సరిపడా నీళ్లు, అవసరమైతే ఇసబ్గోల్. మూత్రం పడుతుందని భయంతో నీళ్లు మానేసేవాళ్లు ఉంటారు. మన చిత్తూరు ఎండల్లో అలా చేస్తే మూత్రం చిక్కబడి మంట, ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం మూడూ వస్తాయి.

"ఆపరేషన్ బాగా జరిగితే నడిచి కొండెక్కుతా" అని మొక్కుకున్నవాళ్లు ప్రతి వార్డులో ఉంటారు. అలిపిరి దారిలో మెట్లు 3,550. మొక్కు ఎక్కడికీ పోదు. కనీసం మూడు నెలలు దాటాక, డాక్టరు చూసి సరేనన్నాకే ఎక్కండి. అంతకుముందు దర్శనం చేసుకోవాలనుకుంటే బస్సులో పోండి, క్యూలో మూత్రం బిగబట్టుకుని నిలబడొద్దు.

జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, గుడ్డ తడిసేంత రక్తం, ఆరుగంటలు దాటినా మూత్రం రాకపోవడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి, ఆయాసం, యోనిలోంచి నీళ్లలా మూత్రం ఆగకుండా కారడం: వీటిలో ఏది ఉన్నా తర్వాతి చెకప్ తేదీ దాకా ఆగకుండా ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికే రండి. ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి.

ఆరువారాలకు ఒకసారి, ఆపైన మూడు నెలలకు, ఏడాదికి చూపించుకోండి. మూడు నెలలకు పోయేటప్పుడు మొదట్లో రాసినట్టే మళ్లీ మూడు రోజులు రాసి తీసుకుపోండి. దగ్గితే ఇంకా పడుతోందా, తన్నుకురావడం కొత్తగా మొదలైందా, గజ్జల్లో నొప్పి ఉందా, కలయికలో మీకో మీ ఆయనకో ఏదైనా గుచ్చుకుంటోందా అన్నది దాచకుండా చెప్పండి. గుచ్చుకోవడం పట్టీ బయటికి వచ్చినదానికి గుర్తు కావచ్చు. తొలిరోజుల్లో అది క్రీముతోనో చిన్న కోతతోనో సరిచేసే విషయం. యోని ముందుగోడ మళ్లీ కొంత జారడం కొంతమందిలో జరుగుతుంది. గడ్డ తగలకుండా, బాధ లేకుండా ఉంటే దానికోసం వెంటనే ఇంకో ఆపరేషన్ అక్కర్లేదు. మళ్లీ మూత్రం పడుతుంటే, మూత్రసంచి నింపి దగ్గించి చూసి ఏ రకమో తేల్చాకే తర్వాతి మాట మాట్లాడమని అడగండి.